వోచరు సత్యము, కాలువ మిథ్య

మాయావాదమును గూర్చి ఉద్గ్రంథములు చదివి తల నెరసినవారికిని అంతుపట్టని యొక వేదాంతరహస్యము, కృష్ణాడెల్టాలోని యొక చిన్న గ్రామమున, పంచాయతీ కార్యాలయపు వరండాలో బల్లపై కూర్చుండి మా మేనమామగారి ఇంటిపన్ను రసీదుకొరకు నిరీక్షించుచుండగా, నాకు అరగంటలో కరతలామలకమైనది.

ఆ కార్యాలయము వెనుక నొక మురుగుకాలువ కలదు. కలదనుటకు నా ముక్కే సాక్షి. అందు పూడిక యెంతగా పేరుకొన్నదనగా, దానిపై గుర్రపుడెక్క దట్టముగా నల్లుకొని, ఆ యాకులపై కోడిపిల్లలు నిర్భయముగా విహరించుచుండెను. లోపల కార్యదర్శి, ఇరువదియైదేండ్ల మర్యాదస్తుడు, ఆడిట్‌కు పోవలసిన కాగితముల కట్టను ముందుంచుకొని వోచర్లకు వరుససంఖ్యలు వేయుచుండెను. పైనున్న వోచరు ఆ కాలువకు పూడిక తీయించిన కూలిది. దాని క్రిందిది, తీసిన పిదప ఇరుగట్టులను చల్లించిన బ్లీచింగు పొడిది. నేను కిటికీలోనుండి కాలువను, బల్లమీది వోచరును మార్చిమార్చి చూచుట గమనించి, అతడు నొచ్చుకొనక, "కాలువను ఎవరు చూస్తారు మాస్టారూ! ఆడిట్ జరిగేది మండలాఫీసులో. కాలువను అక్కడికి పట్టుకెళ్ళలేం కదండీ. వోచరైతే పట్టుకెళ్ళొచ్చు" అనెను.

ఈ మాటలో మన స్థానిక స్వపరిపాలనకు జరుగు లెక్కల తనిఖీ యొక్క సారసర్వస్వము ఇమిడియున్నది. మోసికొనిపోదగినది సత్యము, మోసికొనిపోరానిది మిథ్య. సంచిలో పట్టునది ప్రమాణము. సంచిలో పట్టనిది ప్రమేయమే కాదు.

ఇక ఆ వోచరు వెనుకనున్న సొమ్ము కథ. అది గ్రామమున పుట్టిన సొమ్ము కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిననాటినుండి, ఐదేండ్లకొకమారు ఢిల్లీలో కొలువుదీరు ఆర్థికసంఘము పంచాయతీలను గూర్చియు ఆలోచింపవలసివచ్చినది. 14వ సంఘము 2015-20 కాలమునకు పంచాయతీలకు రెండులక్షల కోట్ల పైచిలుకు సిఫార్సు చేయగా, 15వ సంఘము 2021 మొదలు 2026 వరకు స్థానికసంస్థలన్నింటికిని కలిపి 4,36,361 కోట్లను, అందు గ్రామీణసంస్థల వంతుగా 2,36,805 కోట్లను లెక్కగట్టినది. ఇంత ద్రవ్యము ఖర్చగుట ఎట్లని బెంగపడు అమాయకులు ఉందురేమో. వారికి మన గణాంకపద్ధతిలోని చమత్కారము తెలియదు. కేంద్రఖజానానుండి గ్రాంటు కదలినంతనే కేంద్రపు లెక్కలలో అది వ్యయము. రాష్ట్రము దానిని పుచ్చుకొని పంచాయతీకి కదలించినంతనే రాష్ట్రపు లెక్కలలో నదియే మరల వ్యయము. పంచాయతీ దానిని బ్లీచింగు పొడి వర్తకునికి చెల్లించినంతనే ముచ్చటగా మూడవ వ్యయము. ఒక్క రూపాయి మూడుచోట్ల ఖర్చయి, మూడు తనిఖీలకు లోబడి, మూడు నివేదికలలో ప్రకాశించును గాని, కాలువలోని పార మాత్రము ఒక్కమారైనను కదలదు. సృష్టిలో దేనికిని లేని ఈ త్రివిక్రమత్వము గ్రాంటు రూపాయికి సిద్ధించినది.

ఇన్ని చోట్ల సంచరించిన రూపాయి సద్గతి పొందినదని చాటుటకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ అనబడు వినియోగపత్రము కలదు. కేంద్రప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి, 2017లో సవరింపబడినది, తన 238వ నియమమున, గ్రాంటు పుచ్చుకొన్నవారు ఆర్థికసంవత్సరము ముగిసిన పండ్రెండు నెలలలోగా దీనిని సమర్పింపవలెనని శాసించుచున్నది. దాని నమూనా అచ్చుపడియే యుండును. అందు సంతకము చేయు అధికారి, షరతులు యథావిధిగా నెరవేరినవని తాను తృప్తిచెందితినని ధ్రువీకరింపవలెను. తృప్తి! మహర్షులు వేలయేండ్లు తపస్సు చేసి సాధింపజాలని చిత్తస్థితి, మన పరిపాలనలో నమూనాలోనే ముందుగా ముద్రింపబడి, మార్చి నెలాఖరున రబ్బరుముద్ర తగిలినంతనే కరుణించును. ఆ తృప్తి కాలువగట్టున నివసించువారికి కలిగినదా యని అడుగుటకు నమూనాలో గడి లేదు.

తెలుగున వినియోగమునకును ఉపయోగమునకును అర్థభేదము కలదని చిన్నప్పుడు మా పంతులుగారు చెప్పినప్పుడు నాకు బోధపడలేదు. ఇప్పుడు బోధపడినది. సొమ్ము చేయిదాటిపోవుట వినియోగము. చేయిదాటిన సొమ్మువలన నలుగురి కాళ్ళు బురదలో పడకుండుట ఉపయోగము. పత్రము మొదటిదానికే గాని రెండవదానికి కాదు. 'నూటికి నూరుపాళ్ళు వినియోగించితిమి' అని జిల్లాలు ఒకదానితో నొకటి పోటీపడి ప్రకటించుకొనునప్పుడు, భోక్త ఎవరో చెప్పక, 'వడ్డించిన విస్తళ్ళన్నియు ఖాళీ యయినవి' అని వంటవాడు మురియుట నాకు స్ఫురించుచుండును.

ఇచ్చట బ్లీచింగు పొడిని గూర్చి ఒకింత విస్తరింపక తప్పదు, ఏలయన పంచాయతీ ద్రవ్యమునకు అది కేవలము వస్తువు కాదు, దర్శనము. 15వ సంఘపు గ్రాంటులో నూటికి అరువది వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ముడిపెట్టబడినవి. ఉద్దేశము పరమపవిత్రము. అయితే పారిశుద్ధ్యమను పేరున సిమెంటు పోసినచో అది మరునాడు కనబడును. కనబడకపోయినచో ఎవడో యొకడు అడుగును. ఎం-బుక్కున కొలతలు వ్రాయవలెను. పనిచేసిన తావునకు పోయి ఫోటో తీసి, అక్షాంశరేఖాంశములతో సహా జియోట్యాగు చేయవలెను. (ఆ రేఖలు ఫోను ఎక్కడ నిలిచినదో చెప్పునే గాని, అక్కడ పని జరిగినదో లేదో చెప్పవు, అది వేరు మాట.) బ్లీచింగు పొడికి ఈ బంధనములు లేవు. అది చల్లిననాడు తెల్లగా నుండును, వాన పడిననాడు ఉండదు. చల్లకున్నచో రెండునాళ్ళును ఉండదు. చల్లిన వీధికిని చల్లని వీధికిని వారము దాటిన పిదప భేదము కనుగొను ప్రయోగశాల ఇంతవరకు ఏ మండలకేంద్రమునను వెలయలేదు. పూడికతీత, జంగిల్ క్లియరెన్సు, బోరు మోటారు మరమ్మతు, కాలిపోయిన వీధిదీపముల మార్పు, ఇవన్నియు నీ గోత్రమునకే చెందినవి: తమ యునికికి తమ వోచరు దక్క అన్య సాక్ష్యము లేని నిరాకార నిర్గుణ వ్యయములు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ప్రభుద్రవ్యమును హరించు మార్గములు నలువదని లెక్కించెను. అంతటి మేధావియు పిండిరూపమున నున్న మార్గమును ఊహింపలేకపోయెను.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆ పొడిని నిజముగా కొని, నిజముగా చల్లించు కార్యదర్శులును నేనెరిగినవారిలో కలరు. వారి వోచర్లును పైవానివలెనే యుండును. తనిఖీలో వారికి ఒక్క మార్కైనను అదనముగా రాదు. నేను తప్పుపట్టునది పొడిని కాదు, ఈ సమదృష్టిని.

తనిఖీ చేయువారును తక్కువవారు కారు. పూర్వము లోకల్ ఫండు ఆడిట్ అనుపేర ప్రసిద్ధమై, నేడు రాష్ట్ర ఆడిట్ శాఖగా వ్యవహరింపబడు ఆ విభాగమున, ఒక్కొక్కరి పాలబడు పంచాయతీల సంఖ్య చూచినవారు వారిని నిందింపరు, జాలిపడుదురు. వారు క్యాష్‌బుక్కును పాస్‌బుక్కుతో సరిచూతురు, తీర్మానముల పుస్తకమున తేదీలు చూతురు, రెండు కొటేషన్లు ఒకే చేతివ్రాతలో నున్నచో పసిగట్టుదురు. లోపము కనబడినచో ఆక్షేపణ వ్రాయుదురు. దానికి పారా యని పేరు. వ్యయమునకు ఆధారములు చూపబడలేదని పారా. ఆధారములు తదుపరి ఆడిట్‌లో చూపబడునని జవాబు. చూపబడలేదని మరుసటియేట మరల పారా. కార్యదర్శి బదిలీయైనాడని మరల జవాబు. ఇట్లు ఆ పారా తన్ను కన్న ఆడిటరు పదవీవిరమణను, తనకు జవాబు చెప్పిన కార్యదర్శి పదోన్నతిని, తాను ఉదహరించిన సర్పంచి శిలావిగ్రహప్రతిష్ఠను సైతము కన్నులార చూచి, దీర్ఘాయుష్మంతమై వర్ధిల్లుచుండును. సర్‌ఛార్జి వేసి సొమ్ము రాబట్టుటకు చట్టమున అధికారము లేకపోలేదు. ఇనుపపెట్టెలో పట్టుగుడ్డ చుట్టి పెట్టిన ఖడ్గమది. తుప్పుపట్టకుండ అప్పుడప్పుడు తుడుచుచుందురు.

ఈ యుత్తరప్రత్యుత్తరములన్నియు నిప్పుడు ఆడిట్‌ఆన్‌లైన్ అను తెరమీద జరుగుచున్నవి. వేగము పెరిగినది. అనగా పారా పుట్టుటయు, చూపబడునను జవాబు వచ్చుటయు నొక్కపూటలోనే ముగియుచున్నవి.

దీనికంతకును శిఖరాయమానమైనది అర్హతానియమము. గ్రాంటు కావలెనన్న, గడచిన సంవత్సరపు తాత్కాలిక లెక్కలును, అంతకు ముందటేటి తనిఖీ జరిగిన లెక్కలును అందరికి కనబడునట్లు అంతర్జాలమున నుంచవలెనని 15వ సంఘము షరతు పెట్టినది. మెచ్చదగిన షరతే. అయితే తనిఖీ జరిగినదా యనియే ప్రశ్న గాని, జరిగి ఏమి తేలినదని ప్రశ్న కాదు. పరీక్షకు కూర్చుంటివా యని అడిగి, ఉత్తీర్ణుడవైతివా యని అడుగక, పై తరగతికి పంపు దయామయుడగు ప్రధానోపాధ్యాయుని నా ముప్పదేండ్ల ఉద్యోగమున నేనెన్నడును చూచియెరుగను. కావుననే ప్రతియేట నిర్ణీతగడువు సమీపించుకొలది, తనిఖీ 'పూర్తి చేయుడు' అని పైనుండి క్రిందికి తాఖీదులు పరుగెత్తును. పూర్తి చేయుట యనగా నేమో చెప్పనక్కరలేదు. కాపీలు కొట్టించియైనను పిల్లవానిని పరీక్షమందిరమునుండి సకాలమున బయటికి తీసికొనివచ్చుట.

చీమల బిలములకడ భూతద్దము పట్టుకొని కాపలా కూర్చున్న ఈ వ్యవస్థ, ఏనుగులు పోవు రాజమార్గమున మాత్రము ముసుగుతన్ని నిద్రించును. 2021లో ఆంధ్రప్రదేశమున ఆర్థికసంఘపు నిధులు విద్యుత్ బకాయిల పేరున పంచాయతీల ఖాతాలనుండి మళ్లిపోయినవని సర్పంచులు వీధులకెక్కిరి. కొందరు జోలెపట్టి భిక్షాటనము చేసి నిరసించిరి. కేంద్రమునుండి వచ్చిన సొమ్మును పది పనిదినములలో పంచాయతీలకు చేర్పవలెననియు, ఆలస్యమైనచో వడ్డీతో చేర్పవలెననియు నియమము. చేర్చి మరల లాగికొన్నచో వడ్డీ ఎవరు ఎవరికి ఈయవలెనో నియమము చెప్పలేదు. నియమకర్తలకు అంతటి ఊహాశక్తి లేకపోయెను. విచిత్రమేమనగా, మళ్లిన ఆ సొమ్ము సైతము లెక్కలలో చక్కగా వినియోగమైనదే. బకాయి తీరినది, రసీదు వచ్చినది, వోచరు పుట్టినది. దీపము వెలిగిన వీధి ఏదని అడుగువాడు ఛాందసుడు. వీధిదీపమునకు బల్బు కొనుటకు గతిలేక నాలుగువందలు చేతిసొమ్ము పెట్టిన సర్పంచి మాత్రము, బిల్లుపై పన్ను సంఖ్య లేదని పారాకు గురియగును.

కాలువనే పిలిచి సాక్ష్యమడుగు పద్ధతియొకటి ఈ దేశమున లేకపోలేదు. 1994లో రాజస్థానపు పల్లెలలో కూలిజనము మస్టరు కాగితములను బహిరంగముగా చదివించి, చచ్చినవారు తట్టలు మోసిన వైనమును బయటపెట్టిరి. 2006 మొదలు ఆంధ్రప్రదేశమున ఉపాధిహామీ పనులకు సామాజిక తనిఖీ ప్రారంభమై ఇతర రాష్ట్రములకు మేలుబంతియైనది. ఆర్థికసంఘపు సొమ్మునకును అట్టి తనిఖీ చేయుడని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ మార్గదర్శకములను వెలువరించియున్నది. మార్గదర్శకములు వెలువడుటయు నొకవిధమైన వినియోగమే గదా. గ్రామసభ జరిగినదనుటకు సంతకముల పుస్తకము ఇంటింటికి తిరుగును. సభకు మనుష్యులు పోవుటకన్న మనుష్యులకడకు సభయే వచ్చుట ప్రజాస్వామ్యమున ముందడుగని మా మేనమామగారు పడకకుర్చీలోనుండి సంతకము చేయుచు సెలవిచ్చిరి.

ఆయననుండియే తరువాతి వృత్తాంతమును వింటిని. నేను వచ్చివేసిన నెలకు అల్పపీడనము పట్టి మూడునాళ్ళు విడువక వాన కురిసినదట. పూడిక తీయబడియున్న ఆ కాలువ, వినియోగపత్రమునకు పూర్తిగా విరుద్ధముగా, పొంగి గట్టుదాటి, గుర్రపుడెక్కతోను కోడిపెంటతోను సహా పంచాయతీ కార్యాలయములోనికి మోకాలిలోతున ప్రవేశించినది. కార్యదర్శి, అటెండరు, ఇద్దరు వార్డుసభ్యులు ప్రాణములకు తెగించి వోచర్ల కట్టలను ముందుగా అటకెక్కించి, పిదప కుర్చీల నెక్కిరి. పూడికతీత వోచరొకటి జారి నీటబడగా, అటెండరు దూకి పట్టుకొని, తన బనియనుకు హత్తుకొని ఆరబెట్టెనట. నీరు తీసిన మరునాడే, వరదానంతర పారిశుద్ధ్యమునకై ఎనిమిది బస్తాల బ్లీచింగు పొడి చల్లించినట్లు కొత్త వోచరు తయారయి, ఆ తడికట్టపైననే దిగియున్నదనియు, కట్టలో పొడిగా నున్నది అదియొక్కటే యనియు మా మేనమామగారు చెప్పిరి.