ఇంటి ఆవకాయ కలదు: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఇంటి ఆవకాయ కలదు. ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్. కావలసినవారు వాట్సాప్ చేయగలరు. ఎక్కడికైనా పంపబడును.”

అవతారిక. నాలుగు పాదాల ఈ కావ్యానికి కర్త ఫలానా అని చెప్పడానికి లేదు. మామిడికాయ బజారులోకి దిగగానే ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు తిరిగే ప్రకటనలు ఏ తెలుగువాళ్ల మధ్యనైనా ఇదే అచ్చులో ఉంటాయి. వాటి పోలికలన్నీ ఒకచోట చేర్చి వ్యాఖ్యాత కూర్చుకున్న పాఠం ఇది. కర్త లేని మూలానికి వ్యాఖ్య ఏమిటని ఎవరైనా అడగవచ్చు. వేదానికి కర్త లేడంటూనే మీమాంసకులు ఎన్ని వేల పుటలు నింపారో చూసినవారు అడగరు. మేఘసందేశానికి టీక రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచెలమ వాడేనంటారు. ఇక్కడా సందేశం మేఘంలోనే దాగి ఉంటుందని కంప్యూటరువాళ్లు చెబుతున్నారు కాబట్టి, ఈ పని మన పరంపరకు మరీ పరాయిది కాదు.

పదాలు పక్కపక్కన పడేస్తే వాక్యం కాదని మన తార్కికులు ఏనాడో తేల్చారు. అన్నంభట్టు తర్కసంగ్రహం వల్లించిన పిల్లవాడికి మూడు షరతులు నోటికొచ్చు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట ఇంకో మాటను కోరడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, ఏనుగు అని వరసపెట్టి అంటే ఎవరికీ ఏమీ బోధపడదు. చెప్పినది జరగగలిగినదై ఉండడం యోగ్యత. నిప్పుతో మడి తడపమంటే పాలేరు నవ్వుతాడు. మాటలు ఎడం లేకుండా రావడం సన్నిధి. ‘ఆవును’ అని చెప్పి, జాము గడిచాక ‘తోలుకురా’ అంటే అప్పటికి ఆవు ఊరు దాటి ఉంటుంది. వ్యాఖ్యాత పక్షం ఏమంటే, ఇంటర్నెట్‌లో చిన్న వ్యాపారం కూడా ఇలాంటి వాక్యమే. అది ఎన్ని వేల ఫోన్లకు చేరిందని లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. చేరినచోట వాక్యంగా అర్థమైందా అని చూసేవాళ్లు తక్కువ. బేరం పెరిగేది మాత్రం ఆ రెండో లెక్కన.

ఖరగ్‌పూర్ ఇందుకు తగిన పాఠశాల. ఒకప్పుడు ఈ ఊరి పేరు దేశంలో పిల్లలందరికీ క్విజ్ పుస్తకాల వల్ల తెలుసు: 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం, ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి. పొడవు వల్ల వచ్చిన పేరు ఇంకో పొడవు రాగానే పోయింది. అది ఊరికి తగిలిన దెబ్బేం కాదు. కిలోమీటరు దాటిన ఆ ప్లాట్‌ఫారం మీద అట్టపెట్టె చంకన పెట్టుకుని నిలబడ్డవాడికి దాని పొడవుతో ఏనాడూ పని లేదు, ఎస్-5 పెట్టె ఎక్కడ ఆగుతుందో చెప్పేవాడు దొరికితే చాలు.

ప్రథమ పాదం: ఇంటి ఆవకాయ కలదు. ‘ఇంటి’ అంటే కార్ఖానాది కాదని వ్యావర్తకం. చట్టం వర్తించదని మాత్రం కాదు. ఇంట్లో కలిపినా అమ్మకానికి పెడితే ఎఫ్ఎస్ఎస్ఏఐలో నమోదై, సీసా మీద 14 అంకెల నంబరు వేయాల్సిందే. ‘ఆవకాయ’కు అర్థం చెప్పనక్కరలేదు. చిక్కంతా ‘కలదు’ దగ్గర. ఇది బోర్డుల భాష; అద్దెకు గది కలదు, వేడి టీ కలదు. గోడకు కొట్టిన బోర్డును సరుకైపోయిననాడు తిప్పి పెట్టవచ్చు. ఫోన్లో వదిలిన మాటను తిప్పలేం. మే నెలలో రాసిన ‘కలదు’ కార్తీకమాసంలో ఎవరి గుంపులోనో మళ్లీ తేలుతుంది, అప్పటికి జాడీ అడుగున నూనె తప్ప ఏమీ ఉండదు. ఆవకాయ ఎప్పుడంటే అప్పుడు తయారయ్యే సరుకు కాదు. పుల్లని కాయను టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, తడి లేకుండా తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె పట్టించి, మూడోనాడు తిరగకలిపితే ఏడాదికి ఒక్కసారి ఇన్ని కిలోలని తేలుతుంది. ఆ అంకెకు మించిన ఆర్డరు లాభం కాదు, తగాదా. కాబట్టి ‘కలదు’ అన్నచోట ‘ఈ నెల 20 దాకా ఆర్డర్లు, మొత్తం 40 కిలోలు’ అన్న అర్థాన్ని అధ్యాహారం చేసుకోవాలి. కాయ కొనకముందే ఎవరికి ఎంత కావాలో తెలియడమే ఇంటర్నెట్ ఈ వ్యాపారానికి ఇచ్చే మొదటి అసలైన మేలు. పాతరోజుల్లో కాయ కొని కొనేవారికోసం చూసేవారు. ఇప్పుడు కొనేవారిని చూసుకుని కాయ కొనవచ్చు. పెట్టుబడి నిల్వ ఉండదు, ముక్క మెత్తబడదు.

ద్వితీయ పాదం: ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్. కావ్యానికంతా ప్రాణం ఇక్కడుంది, అందుకే ఇక్కడ కొంత ఆగాలి. ‘ఓల్డ్’ అన్నది సాపేక్ష విశేషణం. న్యూ సెటిల్‌మెంట్ పక్కన ఉంది కాబట్టి ఇది పాతదయింది. ‘సెటిల్‌మెంట్’లో శ్లేష ఉంది. ఒకటి, రైల్వే వారి కాలనీ. రెండు, రైల్వే ఇళ్లలో అందరికీ తెలిసిన అర్థం: ఉద్యోగ విరమణ నాడు చేతికొచ్చే మొత్తం, ‘ఆయనకు సెటిల్‌మెంట్ అయింది’ అన్నప్పటిది. మూడు, తెలుగు సినిమాల్లో భూమి తగాదాలకు వాడేది. అది ఇక్కడ అప్రస్తుతం, విలన్లకు వదిలేద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్దం చివర ఇక్కడికొచ్చి వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం పనికి వచ్చి స్థిరపడ్డారు. తరం మారింది, పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, ఇంకా దూరానికో వెళ్లారు. వాళ్ల నాలుక మీద మాత్రం ఈ వీధి మిగిలింది. ఆత్రేయపురం అనగానే పూతరేకు గుర్తొస్తుంది, దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు ఏ పట్టా రాలేదు. అక్కడ పెరిగినవారికి తప్ప ఆ పేరులో రుచి తెలియదు. చిన్న వ్యాపారానికి అదే పెట్టుబడి. లక్షమందికి ‘నోరూరించే ఆంధ్ర పచ్చళ్లు’ అని చెప్పే ప్రకటనలు కొల్లలు. ‘ఓల్డ్ సెటిల్‌మెంట్’ అన్న రెండు మాటలు చూసి వేలు ఆపేవాడు ఒక్కడే ఉన్నా, అతని ఆకాంక్ష నిజమైనది.

ఇక్కడ ధ్వని కూడా ఉంది. క్వార్టరు నంబరు ఎందుకు లేదు? మరుపని మొదటి చదువులో అనిపిస్తుంది. రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు (1966) తెలిసినవాడికి ఇది మరుపు కాదని తోస్తుంది. అనుమతి లేకుండా ఉద్యోగి వ్యాపారం చేయరాదు. ఇంట్లోవాళ్లు చేస్తే ఆ సంగతి పైవారికి తెలియజేయాలి. క్వార్టరును దుకాణం చేయడం మరో తప్పు. గుమ్మం ముందు నోటిమాటగా సాగినంతకాలం ఇది ఎవరికీ పట్టని విషయం. మ్యాపు మీద సూది గుచ్చినట్టు గుర్తు పెట్టాక మాత్రం అధికారికి కూడా కనిపిస్తుంది. అందుకే వ్యాఖ్యాత మొండిగా ‘మ్యాపులో ఎక్కించండి’ అనడు. ఉద్యోగం సంగతి పైవారికి తెలిపి, సొంత ఇల్లో గోల్‌బజార్‌లో చట్టబద్ధమైన చోటో ఉన్నవారు ఎక్కించాలి. లేనివారు వీధి పేరూ 721301 పిన్‌కోడూ చెప్పి, సరుకు తామే తెచ్చిచ్చే పద్ధతి పెట్టుకోవాలి.

తృతీయ పాదం: కావలసినవారు వాట్సాప్ చేయగలరు. ‘చేయగలరు’ అంటే శక్తి ఉన్నదనా, చేయమని వేడుకోలా? లోకవ్యవహారంలో రెండోదే. అసలు అడగాల్సింది ఏమంటే, అమ్మేవారు బదులు ఇవ్వగలరా? ఉదయం ‘కిలో ఎంత?’ అన్న ప్రశ్నకు సాయంత్రం ‘ఏది కావాలి?’ అని ఎదురు ప్రశ్న వస్తే అన్నంభట్టు ఉదాహరణ అక్షరాలా నిజమైనట్టే; ‘ఆవును’కూ ‘తోలుకురా’కూ నడుమ జాములు గడిచాయి. చిన్న అంగడివారికోసం వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లోనే వచ్చింది, సరుకుల జాబితా పెట్టుకోవచ్చు, పనివేళలు రాసుకోవచ్చు, ముందే రాసిపెట్టిన బదులు పంపవచ్చు. పనివేళలు రాయడమే వాటిలో గొప్పది. రాత్రి పదింటికి అడిగినవాడికి ‘రేపు ఉదయం తొమ్మిదికి చెబుతాం’ అన్న ఒక్క ముక్క అందితే సన్నిధి చెడలేదు. బదులు ఎలా ఉండాలన్నది మరో సంగతి. 2025 వేసవిలో ఒక తెలుగు పచ్చళ్ల వ్యాపారం గురించి రెండు రాష్ట్రాల ఫోన్లూ మోగిపోయాయి. ఇంత ధర ఏమిటని అడిగినవారికి పంపిన దురుసు మాటల ఆడియో బయటికి రావడమే కారణం. ప్రచారం అంతకు మించి ఎవరికీ అందదు. ఆ ప్రచారమే ఆ వ్యాపారాన్ని ఇరుకున పెట్టింది.

పాఠాంతరాల సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బస్సులో బెంగాలీ, బడిలో ఇంకేదో అన్న ఊరిది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇచ్చింది. ఫోన్ కీబోర్డు దాకా ఆ గౌరవం ఇంకా రాలేదు. తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని మనవలు ఆవకాయను ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు. మొదట ఒక ‘ఏ’ వేసేవారు కొందరు, రెండు వేసేవారు కొందరు, చివర ‘వై’తో ముగించేవారు కొందరు, ‘ఐ’తో ముగించేవారు ఇంకొందరు. పండితుడు వీటిలో శుద్ధపాఠం ఏదో తేలుస్తాడు. వ్యాపారి అన్నిటినీ రాసుకుంటాడు.

చతుర్థ పాదం: ఎక్కడికైనా పంపబడును. వ్యాకరణం ఇక్కడ వ్యాపారాన్ని పట్టిస్తుంది. కర్మణి ప్రయోగంలో కర్త మాయమవుతాడు. పంపేది ఎవరు, డబ్బు ఎవరిది, సీసా పగిలితే నష్టం ఎవరిది అన్నవన్నీ ‘బడును’లో పడిపోయాయి. ఒకప్పుడు ఈ ప్రశ్నలు లేవు. విశాఖ 750 కిలోమీటర్ల పైచిలుకు దూరమైనా ఫలక్‌నుమాకో ఈస్ట్ కోస్ట్‌కో వెళ్లే తెలిసినవారి చేతికి మూతకు గుడ్డ కట్టిన సీసా ఇస్తే చేరేది. ఇంటర్నెట్ మోసేది మాటను; సీసాను ఇప్పటికీ ఎవరో ఒకరు మోయాలి. కిలో 400 అనుకుందాం, పంపడానికి 150 అనుకుందాం. ‘డెలివరీ ఉచితం’ అన్న పాఠాంతరం కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది, అది నిప్పుతో మడి తడపడమే. ఇంకో మెలిక కూడా ఉంది. 40 లక్షల లోపు సరుకు అమ్మేవారికి జీఎస్టీ నమోదు అక్కర్లేదన్న సౌకర్యం రాష్ట్రం లోపలి అమ్మకానికే. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే, మొత్తం ఎంత చిన్నదైనా నమోదు కావాలి. ఆవకాయ పన్ను పడే సరుకే. అమ్మాయి కాపురానికి పంపిన జాడీ వేరు, డబ్బు తీసుకుని విశాఖకు పంపిన జాడీ వేరు. ‘ఎక్కడికైనా’ అన్న మాట రాసేముందు ఈ యోగ్యత చూసుకోవాలి. ముందు ఖరగ్‌పూర్, మేదినీపూర్, కోల్‌కతా అని రాసుకుంటే వాక్యం నిలబడుతుంది.

పూర్వపక్షం. ‘ఇంత చిన్న వలయంలో తిరిగితే వ్యాపారం పెరిగేదెలా? పెద్ద వేదికల్లో పెడితే దేశమంతా చూస్తుంది కదా’ అంటారు. చూస్తుంది, పక్కనే ఇంకో యాభై ఆవకాయలను కూడా చూస్తుంది. అక్కడ గెలిచేది తక్కువ ధర, ఎక్కువ నిల్వ, కమీషన్ భరించే శక్తి. నలభై కిలోల జాడీకి ఈ మూడూ లేవు. జాడీలు నాలుగైననాడు, నమోదులు పూర్తయిననాడు ఆ వేదికలు ఎక్కడం తప్పు కాదు, అది రెండో కాండ. మరి ‘ఫోన్లో డబ్బు తీసుకుంటే జాడ మిగులుతుంది’ అన్న భయానికి 2025 జులైలో కర్ణాటక ఆధారం ఇచ్చింది. యూపీఐ లెక్కలు చూసి పన్ను నోటీసులు రాగానే అక్కడి చిన్న దుకాణాలు కొన్ని నగదే తీసుకుంటామని కాగితాలు అంటించాయి. భయం అర్థమయ్యేదే. అయినా జాడకు రెండో వైపు ఉంది. ఏ నెల ఎవరు ఎంత కొన్నారో రాసిన పద్దు బ్యాంకువాడికి చూపడానికి పనికొస్తుంది, పద్దు లేని అంగడికి అప్పు పుట్టదు. ‘వయసు మీదపడ్డ అత్తయ్యలకు ఇదంతా చేతనవుతుందా’ అన్నది మూడో ఆక్షేపం. రుచి అత్తయ్యది, ఫోను కోడలిది. ఇద్దరికీ పడకపోతే మాత్రం వ్యాఖ్యాత దగ్గర ఔషధం లేదు.

పాఠ సవరణ. పై విచారణంతా చూశాక మూలాన్ని ఇలా దిద్దవచ్చు: “ఓల్డ్ సెటిల్‌మెంట్ ఇంటి ఆవకాయ, టెంకతో. ఈ నెల 20 దాకా ఆర్డర్లు, మొత్తం 40 కిలోలు. ఉదయం 9 నుంచి 12 వరకు వాట్సాప్‌లో బదులు. ఖరగ్‌పూర్‌లో ఇంటికి తెచ్చిస్తాం. కోల్‌కతాకు పంపే ఖర్చు మీది. కిలో ధర ...” ఇక్కడ ప్రతులన్నీ ఖాళీగా ఉన్నాయి. ‘ధరకు మెసేజ్ చేయండి’ అని కొందరు లేఖకులు చేర్చినది ప్రక్షిప్తం, దాన్ని వ్యాఖ్యాత ఒప్పుకోడు. అంకె వేయాల్సింది కర్తే.