పండక్కి వచ్చిన ట్రామ్‌ని

నా నంబరు 3050. బ్రసెల్స్ నగరపు ట్రామ్‌ని. నా తర్వాతి నంబరు 3051, నా చెల్లెలు. 2010 శీతాకాల ఒలింపిక్స్ జరిగే రోజుల కోసం కెనడాలోని వాంకూవర్ మా ఇద్దరినీ బ్రసెల్స్ నుంచి అద్దెకు తెచ్చుకుంది. సముద్రం దాటి వచ్చి పసిఫిక్ తీరంలో దిగాం. అయిదు పెట్టెలు కలిపి దాదాపు 32 మీటర్ల పొడవు నాది. లోపల తోలు సీట్లు. మెట్టు ఎక్కే పని లేకుండా ప్లాట్‌ఫారం మీంచి నేరుగా లోపలికి అడుగు వేయవచ్చు.

కొత్త ఊళ్ళో ట్రామ్ ముందుగా చూసేది తీగల్నే. వాంకూవర్ వీధుల మీద తీగలు కనిపించాయి గానీ అవి జంటలు జంటలుగా ఉన్నాయి. కింద పట్టాలు లేవు. రబ్బరు చక్రాల ట్రాలీ బస్సులు ఆ రెండు తీగల్నీ పట్టుకుని తిరుగుతున్నాయి. నాకు పైన ఒక్క తీగ చాలు, కరెంటు తిరిగిపోయే దారి నా చక్రాల కింది పట్టాలే. ఈ ఊరి పట్టాలు ఏమయ్యాయో నా సీట్లలో కూర్చున్న పెద్దవాళ్ళ మాటల్లో తెలిసింది. ఒకప్పుడు ఇక్కడా వీధి వీధికీ ట్రామ్‌లు ఉండేవట. చివరిది 1955లో ఆగిపోయింది. చిన్నప్పుడు వాటిలో బడికి వెళ్ళినవాళ్ళు మనవల చేయి పట్టుకుని నా లోపలికి వచ్చి, కిటికీ పక్కనే కూర్చునేవారు.

మాకిచ్చిన దారి 1.8 కిలోమీటర్లు. ఒక కొస గ్రాన్‌విల్ ఐలాండ్, రెండో కొస ఒలింపిక్ విలేజ్ స్టేషన్. మధ్యలో ఫాల్స్ క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డు. అది ఒకప్పటి గూడ్సు రైళ్ళ దారి. పట్టాల మధ్య వెడల్పు బ్రసెల్స్‌లో ఉన్నంతే, 1,435 మిల్లీమీటర్లు. అంత దూరం వచ్చి ఆ కొలత దొరికితే ట్రామ్‌కి పుట్టింట్లో కాలు పెట్టినట్టే. 2010 జనవరి 21న పరుగు మొదలుపెట్టాం. ఒలింపిక్ విలేజ్ స్టేషన్‌లో దిగినవాళ్ళు అక్కడే కెనడా లైన్ రైలు పట్టుకునేవారు. అది ఆర్నెల్ల కిందటే మొదలైన కొత్త లైను, డ్రైవరు లేకుండా నడిచే రైలు. నాకు మాత్రం ముందు అద్దం వెనక కూర్చుని గంట కొట్టే మనిషి ఉండాలి.

మంచు ఆటలకని వచ్చాను గానీ ఊళ్ళో మంచు లేదు. ఆ ఏడాది జనవరి వెచ్చగా గడిచింది. నా అద్దాల మీద పడిందంతా వానే. ఊరికి ఉత్తరాన కొండలు ఉంటాయి, వాటి మీద సైప్రస్ మౌంటెన్‌లో ఫ్రీస్టైల్ స్కీయింగ్, స్నోబోర్డింగ్ పోటీలు పెట్టారు. అక్కడే మంచు చాలలేదు. లారీల మీద తెచ్చి పోశారు, హెలికాప్టర్లతో దించారు, అడుగున గడ్డి మోపులు పేర్చి పైన మంచు పరిచారు. ఊరు ఆ పనికి పడిన తాపత్రయం వింటుంటే నాకు గౌరవం కలిగింది.

ఫిబ్రవరి 12 మాత్రం బరువుగా గడిచింది. ఆ ఉదయం పోటీల మరో వేదిక విస్లర్‌లో, మంచు బాట మీద జారే ల్యూజ్ ఆట సాధన చేస్తూ జార్జియా దేశపు కుర్రాడు నోదార్ కుమరితాష్విలి ట్రాక్ బయటికి ఎగిరిపడి చనిపోయాడు. వయసు 21. సాయంత్రం బీసీ ప్లేస్ స్టేడియంలో ప్రారంభోత్సవం. పైకప్పు కింద జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభం అది. జార్జియా జట్టు నల్ల పట్టీలు కట్టుకుని నడిచింది. ఆ రాత్రి నా లోపల జనం గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఒక ఊరు సంబరాన్నీ సంతాపాన్నీ ఒకే పూటలో మోయాల్సి రావడం చాలా కష్టం. వాంకూవర్ దాన్ని మర్యాదగా మోసిందని నా నమ్మకం.

నేను చూసిన ఒలింపిక్స్ టికెట్ లేనివాళ్ళది. స్టేడియం లోపలికి వెళ్ళేవాళ్ళ దగ్గర ఖరీదైన కాగితాలు ఉన్నాయి, నన్ను ఎక్కడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఉదయం నుంచి అర్ధరాత్రి దాకా ఎవరైనా ఎక్కవచ్చు, దిగవచ్చు, మళ్ళీ ఎక్కవచ్చు. చాలామంది చేతులకి ఒకే రకం ఎర్ర ఉన్ని తొడుగులు. హడ్సన్స్ బే దుకాణంలో పది డాలర్లకు అమ్మేవారు, అరచేతిలో తెల్లని మేపుల్ ఆకు ఉంటుంది. నిలబడ్డవాళ్ళు నా కమ్మీల్ని పట్టుకుంటే పెట్టె పొడవునా ఆ ఎర్రచేతులే. లాయరూ, వంటమనిషీ, కాలేజీ పిల్లా ఎవరెవరో చెప్పలేం. అలాంటి చోటే జనం ఒకరినొకరు పలకరించుకుంటారు. డబ్బిచ్చి కొన్న సీటు పక్కన ఇంత మాట పుట్టదు.

ఒక సాయంత్రం కూతురితో కలిసి ఒకావిడ ఎక్కింది. కోటు కింద నేత చీర. గుమ్మంలోనే ఆగి, “టికెట్టు ఎక్కడ తీసుకోవాలే?” అంది.

“అక్కర్లేదమ్మా. ఊరికే ఎక్కొచ్చు.”

“ఊరికేనా? మరి చివరిదాకా పోయి మళ్ళీ వద్దామే. నాకు ఈ నీళ్ళు చూడాలని ఉంది.”

ఇద్దరూ దిగకుండా అటూ ఇటూ తిరిగారు. అవతలి ఒడ్డున దీపాలు వెలిగేదాకా ఆవిడ కిటికీ వదల్లేదు.

గ్రాన్‌విల్ ఐలాండ్‌లో కూరగాయల అంగళ్ళూ, చేపల అంగళ్ళూ, బొమ్మలు గీసే కాలేజీ, వాటి పక్కనే అప్పటికీ పనిచేస్తున్న కాంక్రీటు కర్మాగారం కలిసి ఉండేవి. పండగ రోజుల్లో ఫ్రెంచి పాటల వేదిక కూడా అక్కడే పెట్టారు. క్విబెక్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కి ఫ్రెంచిలో మాట్లాడుకుంటుంటే నాకు బ్రసెల్స్ స్టాపులు గుర్తొచ్చేవి.

నా దారి వెళ్ళని చోటు ఒకటుంది. పాయకు అవతల డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్. ఇళ్ళు లేనివాళ్ళు, వాళ్ళ పక్షాన నిలిచినవాళ్ళు ఆ ఫిబ్రవరిలోనే హేస్టింగ్స్ వీధిలో ఖాళీ స్థలంలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు. ఆటలకు డబ్బుంది, మాకు గది లేదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. పండగ ఆ ప్రశ్నను చిన్నది చేయలేదు.

ఫిబ్రవరి 14న కెనడా ఆటగాడు అలెగ్జాండ్ర్ బిలొడో మొగల్స్ అనే స్కీయింగ్ పోటీలో గెలిచాడు. 1976లో మాంట్రియల్, 1988లో కాల్గరీ ఒలింపిక్స్ జరిపినా సొంతగడ్డ మీద కెనడాకు స్వర్ణం రాలేదు, ఇదే మొదటిది. సెరిబ్రల్ పాల్సీతో బతుకుతున్న తన అన్నయ్యే తనకు స్ఫూర్తి అని అతను చెప్పాడు. ఆ మాట నా సీట్లలో చాలాసార్లు విన్నాను. ఫిబ్రవరి 28న ఐస్ హాకీ ఫైనల్, అమెరికాతో. ఇక అయిపోయిందనుకున్న ఆటను చివరి అరనిమిషంలో అమెరికా సమం చేసింది. అదనపు సమయంలో కెనడా ఆటగాడు సిడ్నీ క్రాస్బీ గోలు కొట్టాడు. 3–2. కాసేపటికి నా తలుపులు మూసుకోవడం కష్టమైపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కౌగిలించుకుని ఏడ్చారు.

ఆ గోల సద్దుమణిగాక మార్చిలో వచ్చిన పారాలింపిక్స్ నాకు మరింత దగ్గరివి. 2006లో ట్యూరిన్ ముగింపు ఉత్సవంలో ఒలింపిక్ జెండాను అందుకున్న అప్పటి వాంకూవర్ మేయర్ సామ్ సలివన్ చక్రాల కుర్చీలోనే ఉన్నారు. జెండా కర్రను కుర్చీకి అమర్చుకుని, కుర్చీని అటూ ఇటూ తిప్పి దాన్ని ఊపారు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు నా తలుపు దగ్గర ఎవరి సాయమూ అడగక్కర్లేదు. నేరుగా లోపలికి వచ్చి, కిటికీ పక్కన నిలిపి, తమ స్టాపులో తామే దిగిపోయేవారు. నా నేలను అంత కిందికి కట్టినందుకు ఆ రోజుల్లో ఎంత సంతోషించానో!

మార్చి 21న పారాలింపిక్స్ ముగిశాయి, మా పరుగూ ముగిసింది. జనం అయిదు లక్షలకు పైగా ప్రయాణాలు చేశారని లెక్క తేలింది. మమ్మల్ని మళ్ళీ బ్రసెల్స్ పంపించారు. ఆ దారిలో రోజువారీ ట్రామ్‌ను నగరం మళ్ళీ నడపలేదు. స్టేషన్ అక్కడే ఉంది, ఎక్కేవాళ్ళు ఉన్నారన్నది ఆ రెండు నెలల్లో తేలిపోయింది. మర్నాడు సోమవారం, పాయ ఒడ్డు నుంచి పనికి బయల్దేరినవాళ్ళు బస్సు వెతుక్కోవాల్సి వచ్చింది. అది తలచుకుంటే నాకిప్పటికీ బాధే.