ఇబ్రహీంపట్నం చిత్రరథ విక్రయ ప్రకటనము: టీకా తాత్పర్య సహితము

మూలం

"థార్, 2021 మోడల్, డీజిల్, ఫోర్ బై ఫోర్. సింగిల్ ఓనర్. ఫుల్లీ మాడిఫైడ్. ఎక్స్‌ట్రా ఫిట్టింగులకే ఆరు లక్షలు. మనసు చంపుకొని అమ్మబడును. జెన్యూన్ బయ్యర్లు మాత్రమే సంప్రదించగలరు. బేరం లేదు."

అవతారిక

టీక రాయబూనిన వ్యాఖ్యాత ముందుగా మూలం యొక్క దేశకాలాలను నిర్ణయించాలి. తెలుగునాట ఇబ్రహీంపట్నం అనే పేరుతో కృష్ణ ఒడ్డున విజయవాడ చెంత ఒకటి, జగిత్యాల జిల్లాలో మరొకటి ఉన్నప్పటికీ, పై పాఠం రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానిదేనని నిశ్చయించడానికి ఆధారం ఉంది. ఇటువంటి ప్రకటన అతికించిన వెనుక అద్దాలు శని, ఆదివారాల్లో సాగర్ రోడ్డు మీద బొంగుళూరు గేటుకూ పెద్దచెరువు కట్టకూ మధ్య సంచరిస్తూ, చదవదలచని వారికి సైతం చదవక తప్పని ఎత్తులో దర్శనమిస్తుంటాయి. కర్త ఎవరో మూలంలో లేదు. పాఠభేదాలు అనేకం గనుక ఏక కర్తృకమని చెప్పడానికీ వీలులేదు. ఇక కాలం సంగతికి వస్తే, కొత్త థార్ 2020 అక్టోబరు 2న మార్కెట్లోకి వచ్చింది కాబట్టి రచన అంతకు పూర్వపుది కాజాలదు. కాగితం మీది ఎర్ర అక్షరాలు ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగిన తీరును బట్టి, ప్రకటన వెలువడి కనీసం రెండు వేసవులు గడిచాయనీ, బండి మాత్రం ఇంకా అమ్ముడుపోలేదనీ ఊహించవచ్చు. ఆ వెలిసిన రంగే ఈ గ్రంథానికి కీలకమని చివర తేలుతుంది.

'2021 మోడల్', 'డీజిల్', 'సింగిల్ ఓనర్': స్పష్టము. కష్టమైన చోట 'స్పష్టము' అని దాటవేసి సులభమైన చోట పేజీలు నింపుతారన్న అపవాదు వ్యాఖ్యాతల మీద అనాదిగా ఉన్నదే. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి అంతటివాడు ప్రతిజ్ఞ చేయవలసి వచ్చిందంటే ఆ అపవాదు ఎంత బలమైనదో తెలుస్తుంది. అయితే ఆయన స్వస్థలం మెదక్ జిల్లా కొల్చారమని పండితులు చెబుతారు గనుక, ఆ ప్రతిజ్ఞ రంగారెడ్డి జిల్లాలో చెల్లదు.

'ఫుల్లీ మాడిఫైడ్': దేవతలను పాదాల నుంచి పైకి, మానవులను శిరస్సు నుంచి కిందికి వర్ణించాలన్నది కవిసమయం, అంటే కవులందరూ పాటించే కట్టుబాటు; కుమారసంభవంలో పార్వతి వర్ణన సందర్భంలో మల్లినాథుడు దీన్ని గుర్తుచేశాడు. ఈ ప్రకటనల కర్తలను నిలబెట్టి బండి గురించి అడిగితే టైర్లతో మొదలుపెట్టి పైకప్పు మీది లైట్లతో ముగిస్తారే తప్ప ఎన్నడూ పై నుంచి కిందికి రారు కాబట్టి, వారి దృష్టిలో అది వాహనం కాదనీ, ఉత్సవమూర్తి అనీ సిద్ధిస్తున్నది. ఆ క్రమాన్నే ఇక్కడ అనుసరించడమైనది.

పాదములు: 33 అంగుళాల మడ్ టైర్లు. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్ 18 టైరు వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు, వీటిది 838. అనగా ఆరు శాతం పెద్దవి. చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే మీటరుకు తెలుస్తుంది గానీ ఎంత చక్రం తిరిగిందో తెలియదు కాబట్టి, మీటరు 80 చూపినప్పుడు బండి దాదాపు 85లో పోతుంటుంది, మీటరులో యాభై వేల కిలోమీటర్లు కనబడితే బండి యాభై మూడు వేలు అరిగి ఉంటుంది. 'మీటరు తిప్పలేదు' అని యజమాని చేసే ప్రమాణం అక్షరాలా సత్యమే. అది తిరగవలసినంత తిరగలేదు, అంతే.

జంఘలు: మూడంగుళాల లిఫ్టు కిట్, అనగా స్ప్రింగుల కింద దన్ను పెట్టి బండిని పైకి లేపే సాధనం. ధర్మరాజు రథం సత్యమహిమ చేత నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచేదనీ, అశ్వత్థామ విషయమై అర్ధసత్యం పలికిన క్షణాన నేలకు దిగిందనీ ద్రోణపర్వం చెబుతున్నది. నాటి అంగుళం వేలి వెడల్పు కాబట్టి నాలుగు కలిపితే నేటి మూడు అంగుళాలకు దాదాపు సరిపోతుంది. పాత బండ్ల బేరంలో ఎన్ని అర్ధసత్యాలు పలికినా ఈ బండి వెంట్రుకవాసి కిందికి దిగకపోవడం కలియుగ విశేషం. బండి లేచినకొద్దీ దాని గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకృతమైన బిందువు, పైకి పోయి మలుపుల్లో ఒరిగే ప్రమాదం పెరుగుతుందన్నది భౌతికశాస్త్రం. దాన్ని యజమానులు సాధారణంగా పరమతంగా త్రోసిపుచ్చుతారు.

నాసిక: స్నార్కెల్. ఇది ఇంజనుకు గాలిని పైకప్పు ఎత్తు నుంచి అందించే గొట్టం. ఏ మార్పూ లేని థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో దిగి రాగలదని కంపెనీయే చెబుతుంది, అంటే మోకాలి పైదాకా వచ్చే నీరు. పెద్దచెరువుకు నీళ్లు తెచ్చే నిజాం నాటి ఫిరంగి కాలువ దారిపొడుగునా ప్లాట్ల పాలై, చెరువు ఏళ్ల తరబడి నిండకుండా పడి ఉండిన నేలలో, అంతకు మించిన లోతు నీరు ఈ బండికి ఎక్కడ ఎదురైందన్న ప్రశ్నకు వాటర్ సర్వీసింగు షెడ్డు తప్ప వేరే సమాధానం దొరకలేదు.

ముఖము: ఇనుప బుల్ బార్. ఢీకొన్నప్పుడు ముందుభాగం నలిగి దెబ్బను తాను తీసుకునేలా కంపెనీలు బండిని నిర్మిస్తాయి. దాని ముందు ఇనుప కమ్మీ బిగిస్తే ఆ దెబ్బ ఎదుటి మనిషి తొడ ఎముకకూ, లోపలివారి వెన్నుకూ చేరుతుంది, ఎయిర్ బ్యాగు సెన్సార్ల లెక్క తప్పుతుంది. ఇందుకే 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. ఇందులో హాస్యానికి తావు లేదు గనుక వ్యాఖ్య ఇంతటితో సమాప్తం.

శిరస్సు: ఎల్‌ఈడీ లైట్ బార్. వివరణ తరువాత.

'ఎక్స్‌ట్రా ఫిట్టింగులకే ఆరు లక్షలు': ఈ వాక్యంలో వ్యయం ఉన్నది, విలువ లేదు. బీమా పరిభాషలో ఐడీవీ అనేది బండి పూర్తిగా పోతే కంపెనీ చెల్లించే మొత్తం. అది తయారీదారు ధర మీద ఏటేటా తరుగు తీసి కట్టేది, రెండో ఏడు దాటితే ముప్పై శాతం, మూడో ఏడు దాటితే నలభై, నాలుగో ఏడు దాటితే యాభై. విడిగా చెప్పి అదనపు ప్రీమియం కడితే తప్ప ఆరు లక్షల ఫిట్టింగులు అందులో ఆరు రూపాయలుగా కూడా కనబడవు. చెప్పకుండా దాచితే అసలు క్లెయిముకే ఎసరు వస్తుంది. చట్టంలో మాత్రం వాటికి ధర ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిపరచింది. అదే ఏటి సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చునంటుంది. అలంకారానికి ఇంత అని లెక్కగట్టిన ఈ పద్ధతి ఏ ఆలంకారికుడికీ తోచలేదు.

'మనసు చంపుకొని': ఈ పదం దగ్గర ఒక కథ చెప్పక తప్పదు. ఈ ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలాడు. అంతకు ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల శరణులో ఉండి తెలుగు రుచి మరిగాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ఆయనకు అంకితమిచ్చిన కావ్యం తపతీసంవరణోపాఖ్యానం. ఆ ఉపాఖ్యానం భారతం ఆదిపర్వంలోనిది, అందులో దాన్ని అర్జునుడికి చెప్పినవాడు అంగారపర్ణుడనే గంధర్వుడు. ఇతడు తన రథాన్ని చిత్రవిచిత్రంగా అలంకరించుకొని చిత్రరథుడని పేరు తెచ్చుకున్నవాడు కాబట్టి, మాడిఫైడ్ బండ్ల యజమానులందరికీ మూలపురుషుడని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

లక్క ఇంటి నుంచి బయటపడిన పాండవులు రాత్రివేళ, అర్జునుడు ముందు కొరివి పట్టుకొని దారి చూపగా, గంగ ఒడ్డుకు వస్తారు. అక్కడ జలక్రీడలాడుతున్న అంగారపర్ణుడు, రాత్రి గంధర్వులదనీ, ఈ అడవీ ఈ ఒడ్డూ తనవనీ, మనుషులు ఇటు రారాదనీ గద్దిస్తాడు. సముద్రానికీ, హిమవంతానికీ, గంగకూ పగలని రాత్రని కాపలా ఎవడు పెట్టాడని అర్జునుడు అడుగుతాడు. మాట ముదిరి బాణాలు వస్తాయి. అర్జునుడు ఆగ్నేయాస్త్రం వేస్తే అంత శ్రమపడి అలంకరించిన రథం కాలి బూడిదవుతుంది. గంధర్వుడి గొప్పతనం ఇక్కడే ఉన్నది. అతడు రథానికి పెట్టిన ఖర్చు లెక్కచెప్పలేదు, మనసు చంపుకోలేదు. చిత్రరథుడనే వాణ్ణి ఇకమీదట దగ్ధరథుణ్ణి, అంటే రథం కాలినవాణ్ణి అని పేరు మార్చుకున్నాడు. ఆపైన అర్జునుడితో స్నేహం చేసి, చాక్షుషి అనే విద్య, మూడు లోకాల్లో దేన్ని చూడాలనుకుంటే దాన్ని చూడగలిగే విద్య, ఇచ్చి, ఒక్కో అన్నకూ తమ్ముడికీ నూరేసి గుర్రాలు ఇవ్వజూపి, బదులుగా ఆ అస్త్రాన్ని తీసుకున్నాడు. పాండవులు గుర్రాలను అప్పుడే తోలుకుపోలేదు. అవసరం వచ్చినప్పుడు తీసుకుంటాం, అంతదాకా నీ దగ్గరే ఉంచమన్నారు. పని లేనిదే వాహనాన్ని ఇంట కట్టుకోకపోవడంలోని వివేకాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన చోటు మరొకటి అరుదు.

పిమ్మట గంధర్వుడు చెప్పిన కథలో సంవరణుడనే రాజు వేటకు పోయి, కొండ మీద ఆకలిదప్పులతో తన గుర్రం కూలి చస్తే, కాలినడకన తిరుగుతూ సూర్యుని కుమార్తె తపతిని చూస్తాడు. గుర్రం బతికి ఉంటే తపతి కనబడేది కాదు, కురుడు పుట్టేవాడు కాదు, కౌరవ పాండవులే లేరు. ఈ ఊరికి పేరిచ్చిన సుల్తానుకు అంకితమైన కావ్యానికి ఆధారం కొండెక్కి చచ్చిన ఒక వాహనమని ఈ ఊరి నుంచి రాచకొండ గుట్టలు ఎక్కే వాహనదారులు ఎరిగి ఉండరు.

వ్యాఖ్య ప్రకటన నుంచి దూరంగా వచ్చింది; అయినా గంధర్వుడు రాత్రినీ ఒడ్డునూ తనవన్న మాట మరొకసారి తలచుకోవాలి. సాగర్ రోడ్డు మీద రాత్రి ఎనిమిదికి పాల క్యాన్లు వేలాడదీసిన మోపెడ్ మీద ఇంటికి పోయే మనిషి ఎదురుగా, పైకప్పు ఎత్తు నుంచి ఎల్‌ఈడీ బార్ వెలిగినప్పుడు, ఆ మనిషికి రోడ్డు అంచు కనబడదు. గుంటలో దిగి, కాలు నేలకు ఆనించి, కళ్లు మూసుకొని నిలబడతాడు. ప్రత్యేక అనుమతి లేకుండా వాహనం ముందు స్పాట్ లైటు గానీ సెర్చ్ లైటు గానీ బిగించరాదని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి 111వ నియమం చెబుతున్నది. నీళ్లు తీసిన చెరువు శిఖంలో, అంటే నీరు పరచుకునే మునక నేలలో, చాలు పోసి జొన్నో కూరగాయలో వేసుకున్నవారి గట్లను తొక్కి, అక్కడ వీడియో తీసి, ఇది తమ ట్రాక్ అనడం కూడా గంధర్వ న్యాయమే. అర్జునుడు అడిగిన ప్రశ్న అడిగేవారే లేరు.

'జెన్యూన్ బయ్యర్లు మాత్రమే': ఏ శాస్త్రానికైనా అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగు అనుబంధాలు చెప్పాలి, వీటిలో అధికారి అంటే చదవడానికి తగినవాడు. ఈ ప్రకటనకు అధికారి ఎవరు? బేరమాడని వాడు, టెస్ట్ డ్రైవ్ అడగని వాడు, యజమాని గంటసేపు చెప్పే లద్దాఖ్ యాత్రను వినేవాడు, చివరకు కొనకుండా 'అమ్మకండి సార్, ఇలాంటి బండి దొరకదు' అని పోయేవాడు. ఇటువంటి వాణ్ణి కావ్యశాస్త్రంలో సహృదయుడంటారు. పాత బండ్ల బజారులో టైంపాస్ గాడంటారు.

'బేరం లేదు': స్పష్టము.

సందేహం, పూర్వపక్షం, సిద్ధాంతం

ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది సందేహం. ఉంచుకోవాలనే పక్షం వారు పెట్టిన ఖర్చు తిరిగి రాదు గనుక ఉంచుకుంటేనే నష్టం ఉండదంటారు. పోయిన ఆరు లక్షలు ఉంచుకున్నా పోయినవే కాబట్టి ఈ హేతువు నిలవదు. అమ్మాలనే పక్షం వారు నెలకు ఇంత డీజిలు, ఏడాదికి ఇంత బీమా అని లెక్క చూపుతారు. లెక్క సరైనదే గానీ, బండి దిగితే రోడ్డు మీద తలలు తిరగడం ఆగిపోతుందన్న భయానికి ఆ లెక్కలో గడి లేదు. రెండు వేసవులకు వెలిసిన కాగితం చెప్పేది ఈ భయాన్నే: యజమాని ఉంచుకోవడమూ లేదు, అమ్మడమూ లేదు, అమ్మకపు ప్రకటనను కూడా ఒక ఫిట్టింగుగా బిగించుకున్నాడు.

కనుక సిద్ధాంతం ఇది. బండితో గుట్టలెక్కే పని నిజంగా ఉంటే ఉంచుకోవచ్చు. దానికి కంపెనీ ఇచ్చిన ఫోర్ బై ఫోర్, లో రేంజ్ గేరు సాధారణంగా చాలు. వెంచర్లో ప్లాటు చూపడానికి తీసుకుపోవడమే పని అయితే అమ్మాలి. ఏది చేసినా ముందు కంపెనీ టైర్లు, స్ప్రింగులు, బంపరు తిరిగి బిగించాలి. ఫిట్టింగులు విడిగా అమ్మితే బండితో కలిపి అడిగిన దానికన్నా ఎక్కువ రావచ్చు, ఆర్సీకి బండి సరిపోతుంది, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసే చేతికి వణుకు ఉండదు. మార్పులతోనే కొన్నవాడికి 52వ సెక్షన్ కూడా బండితోపాటే బదిలీ అవుతుందని కొనుగోలుదారు గుర్తించాలి. ఇవన్నీ తీరిక దొరికినప్పుడు చేయవచ్చు. లైట్ బార్ తీగ మాత్రం ఈ సాయంత్రం ఏడు గంటలలోపు పీకేయాలి. పాలవాడు ఎనిమిదికి వస్తాడు.