తూర్పు గది పద్యానికి టీకా తాత్పర్యం

ఎర్ర బిళ్ల వెలిసె నెండలో నొకనాడు
పచ్చ బిళ్ల నీలి పాలఁబడియె
చిట్టెలుకలు లేవు, చెదలు లే వింటిలో
దొంగ యెవ్వఁ డయ్య తూర్పు గదిని?

కవి పరిచయము. ఈ ఆటవెలది కర్త మా పెదనాన్నగారు. అమరావతిలో ఇంటి తూర్పు గది గోడకు, అద్దం బిగించిన చెక్క పటంలో పాత స్టాంపులు పేర్చి వేలాడదీశారు. ఇరవై ఏళ్లు దాని మొహం చూడలేదు. ఒక ఉగాదికి సున్నాలు వేయిస్తూ పటం దించి, చూసి, కాసేపు చతికిలబడి, వెనక అట్ట మీద పెన్సిలుతో ఈ పద్యం రాశారు. అంతకుముందు గానీ తర్వాత గానీ ఇంకొక పద్యం రాయలేదు గనుక దీనినే వారి సమగ్ర కవిత్వముగా గ్రహించవలెను.

టీక. ఎర్ర = ఎరుపు రంగు గల; బిళ్ల = తపాలా బిళ్ల. మందుబిళ్ల, రూపాయి బిళ్ల, బంట్రోతు బిళ్ల, బిళ్లంగోట్లో బిళ్ల ఇక్కడ అన్వయించవు. ఇది 1937లో వచ్చిన ఆరో జార్జి ఒక అణా బిళ్ల అని పటం చూసినవారి సాక్ష్యం. వెలిసెన్ = ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఊపిరి పీల్చుకోవాలి. మా ఊళ్లో వెలియడమంటే మొదట గుర్తొచ్చేది కృష్ణ ఒడ్డున వెలిసిన అమరేశ్వరుడు. దేవుడు వెలిస్తే కనబడ్డాడని అర్థం. రంగు వెలిస్తే కనబడకుండా పోయిందని అర్థం. ఒక్క క్రియ రెండు పనులూ చేస్తుంది. రాజుగారి విషయంలో రెండో అర్థమే గ్రాహ్యం. 1950 జనవరి 26న ఆయన ఈ దేశానికి రాజు కాకుండా పోయాడు. మా గోడ మీద నుంచి పోవడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఎండలోన్ = ఎండయందు. ఎండలో వదిలేయడం మా ఊరి వస్తువులకు కొత్త కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ మా స్తూపం దగ్గర తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాలు ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉండి, తర్వాతే లండను ఓడెక్కాయి. రాయి గనుక తట్టుకుంది. కాగితం మీది రంగుకు ఆ ఓపిక లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణం రంగు అణువులో బంధాలు తెంచుతుంది. తెగిన అణువు వెలుతురును ఏరుకుని పీల్చలేదు, రంగు చూపలేదు. 1856లో విలియం పెర్కిన్ బొగ్గు తారు సరుకులోంచి ఊదా రంగు తీశాక పుట్టుకొచ్చిన కృత్రిమ రంగుల్లో చాలావాటికి మెరుపు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఇది అర్థం కానివారు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి రావలెను. టిక్కీ విప్పి పిడికెడు కాయలు తీసినవాడు ముందు చూసేది రంగే. తెల్లబడిన తాలు కాయలది వేరే రాశి, వేరే ధర. ఎరుపు నిలుపుకోవడానికే కదా కాయను కోల్డ్ స్టోరేజిలో చీకట్లో దాస్తారు. బస్తా మిరపకాయలకు జరిగిన ఆ మర్యాద మహారాజుకు జరగలేదు.

ఒకనాడు = ఒక దినమున. "గొన్నేండ్లు" అని మా అన్నయ్య పాఠాంతరం. గణాలు సరిపోతాయి, శాస్త్రమూ సరిపోతుంది. కవి హృదయం మాత్రం కాదు. వెలియడానికి ఏళ్లు పట్టినా, చూసుకోవడం ఒకనాడే.

పచ్చ బిళ్ల = తొమ్మిది దమ్మిడీల బిళ్ల. పచ్చ అనగా పసుపా, ఆకుపచ్చా? తెలుగువాడికి రెండూ పచ్చే. ఈ సందిగ్ధం దోషం కాదు, ఇందులోనే కీలకముంది. ఆకుపచ్చ సిరా తరచు పసుపు, నీలం కలిపినదే. ముందు పసుపు ఓడిపోతే పచ్చలోంచి పచ్చ పోయి నీలం మిగులుతుంది. అందుకే నీలి పాలఁబడియె. ఎరుపు నీలమైన కథ కూడా ఒకటుంది గానీ దానికి ఎండతో పని లేదు. 1854లో కలకత్తాలో అర్ధణా బిళ్లను మొదట ఇంగిలీకపు ఎరుపులో అచ్చువేశారు. ఇంగ్లండు నుంచి తెచ్చిన ఆ రంగు అయిపోయింది. చివరికి జనం చేతికి వచ్చిన అర్ధణా నీలం.

శంక. నీలి బిళ్ల అచ్చులో జరిగిన పొరపాటైతే లక్షలు పలకదా? (ఇదీ మా అన్నయ్యదే.) అదే 1854 నాటి నాలుగణాల బిళ్లల్లో రాణి తల కిందులైన ప్రతులకు గొప్ప విలువ కదా? సమాధానము. అది అచ్చుతప్పు, ఇది ఎండదెబ్బ. పటం చెక్క అంచు కింద దాగిన నూలుపోగంత గీతలో పచ్చ ఇప్పటికీ పచ్చగానే ఉంది. ముద్రాపకుడి పొరపాటు చెక్క అంచు దగ్గర ఆగదు.

రంగు మారిన ప్రతి బిళ్లకూ ఎండే కారణమనడం కూడా తప్పు. సీసపు రంగు ఉన్న నారింజ బిళ్లలు గాలిలోని గంధకపు ఆవిరికి నల్లబడతాయి. పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్ తాకిస్తే తేరుకుంటాయి కూడా. మా ఎరుపుకు అలాంటి మందు లేదు.

మూడో పాదం అబద్ధం. పక్కనే పత్తి కొట్టు. గింజ పత్తి ఉన్నచోట ఎలుక లేకపోవడం ఈ నల్లరేగడిలో ఎవరూ చూడలేదు. యతి కోసం ఆడిన మాట గనుక క్షమించవలెను.

దొంగ యెవ్వఁడు? సూర్యుడని సంప్రదాయం. ఇంకొక పక్షమూ ఉంది. వాడిన బిళ్ల మీద ముద్ర కడిగి మళ్లీ అంటించేవారికి భయపడి, బ్రిటన్ తపాలావారు 1880లలో నీళ్లు తగిలితే బొమ్మే కరిగిపోయే లేత ఊదా, ఆకుపచ్చ సిరాలు వాడారు. పారిపోవడానికే పుట్టిన రంగులూ ఉన్నాయన్నమాట. దొంగను పట్టబోయి దొంగరంగు చేశారు.

విశేషము. అదే పటంలో 1972లో వచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి శతజయంతి బిళ్ల ఉంది. ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టిందీ ఆ ఏడే. ప్రకాశం పడి ప్రకాశం మసకబారాడు. ఇంత శ్లేష చేతిలో ఉండి కవి వదిలేశాడు. యతి కుదరలేదు కాబోలు.

తాత్పర్యము. తూర్పు కిటికీకి ఎదురుగా మేకు కొట్టినవాడే దొంగ ఎవరయ్యా అని అడుగుచున్నాడు.

ఇప్పుడా పటం బీరువాలో ఉంది. చూడదలచినవారు సాయంత్రం ఆరు దాటాక రావలెను.