థర్మోస్టాట్ పీకివేత సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము

“మన ఎండలకి థర్మోస్టాట్ యాల సామీ? పీకి పారేస్తే బండి సల్లంగా ఉంటాది.”

అవతారిక

శ్రీకాళహస్తి మొదలు చిత్తూరు దాకా కార్ల షెడ్డులందు వినవచ్చు ఈ సూత్రమునకు కర్త యెవరో తెలియదు. వేదమువలె అపౌరుషేయము. గురువు చెప్పెను, శిష్యుడు నేర్చెను, కారుగల గృహస్థు తల యూపెను. బానెట్ ఎత్తి, స్పానర్ చేతబట్టి, కన్నులు అరమోడ్చి దీనిని ఉచ్చరించుట సంప్రదాయము. ఇంతటి ప్రామాణ్యము గల వాక్యమునకు వ్యాఖ్య లేకుండుట లోపమని ఎంచి పూనుకొంటిమి. మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు మల్లినాథసూరి మాట యిచ్చెను. అందు మొదటిదానిని మేము పాటింతుము. రెండవదానిని వ్యాఖ్యాతలెవ్వరును పాటించిన జాడ లేదు.

ప్రతిపదార్థము

సులభము గనుక విడిచితిమి. ‘పారేస్తే’ అన్నచోట మాత్రము, ఎక్కడ పారవేసిరి అను శంక కలుగును. మా కారులోంచి తీసింది మా చేతికి రాలేదు. బిల్లులోనూ లేదు. ‘కూలెంట్’, ‘లేబర్’ అని రెండు ముక్కలు రాసి, కింద సంతకం. లోపల ఒక భాగం లేదన్న సంగతి ఏ కాగితమూ చెప్పదు. రేపు ఆ కారు కొనేవాడికి ఎవరు చెబుతారు?

వస్తునిర్దేశము

ఇంజనుకును రేడియేటర్‌కును నడుమ నిలుచు ద్వారపాలకుడు థర్మోస్టాట్. కరెంటు లేదు, తీగ లేదు. చిన్న లోహపు గిన్నెలో మైనము. నీరు వేడెక్కగా మైనము కరిగి ఉబ్బి, స్ప్రింగును త్రోసి తలుపు తెరచును. చల్లారగా స్ప్రింగు మూయును. ఈ మైనపు ఉపాయము 1930లలో సెర్జియస్ వెర్నె అనువాడు కనిపెట్టినది. తలుపు ఎన్ని డిగ్రీలకు తెరచుకొనవలెనో చాలా వాటి ఒంటిమీదనే చెక్కి యుండును: 82, 88, ఇత్యాది.

విశేషాంశము

ఒకడు అమర్చినదానిని మరొకడు చెత్తయని తీసివేయుట ఈ శ్రీకాళహస్తి క్షేత్రమునకు క్రొత్త గాదు. పాము పాతాళమునుండి రత్నములు తెచ్చి లింగమునకు అర్పించెడిది. ఏనుగు స్వర్ణముఖిలో స్నానమాడి, తొండముతో నీరు, మారేడు దళములు తెచ్చి, ఈ రాళ్ళెవరు పెట్టిరని వాటిని త్రోసివేసి అభిషేకము చేసెడిది. పాము వచ్చి, ఈ ఆకులెవరు పోసిరని వాటిని ఊడ్చి మరల రత్నములుంచెడిది. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యములో ఈ కథ చెప్పెను.

ఇందు దోషము ఎవరిది? ఏనుగుదందురా, దానికి రత్నము తినుటకు రాదు, తాగుటకు రాదు. రాయి యనుట దాని లోకజ్ఞానము. పాముదందురా, దానికి ఆకు పుట్టలోకి రాలిన కసవు. ఇద్దరి భక్తియు నిష్కళంకము. ఇద్దరి శ్రమయు నిజము. అదే క్షేత్రకథలోని సాలెపురుగును ఇందు చేర్చుట తగదు. అది శివునికి గూడు అల్లెనే గాని ఒకరి పూజను చెరుపలేదు. కావున దోషము భక్తిలో లేదు, అడుగకపోవుటలో గలదు. నీవు రాక ముందు ఇచ్చట ఒక వస్తువున్నదన్న, దానిని పెట్టినవాడొకడున్నాడు, వానికొక కారణమున్నది. ఒక్కపూట పొదచాటున నిలిచి చూచిన తెలిసెడిది. చూడలేదు. పాము ఆకులలో దాగి తొండమున దూరెను, ఏనుగు తల మోదుకొనెను, రెండును చచ్చెను. శివుడు దయామయుడు గనుక ఇద్దరికిని మోక్షమిచ్చెను. కారు కంపెనీ వారంటీ కూడా ఇవ్వదు.

ప్రకృతమనుసరింతము.

పూర్వపక్ష ఖండనము

ఎండలు ఎక్కువ అందురు. మే నెలలో మన ఊరి ఎండ 40 దాటును, నిజమే. తలుపు తెరచుకొనునది 82కు. ఊరంతా ఉడికిపోయిన మధ్యాహ్నముననూ ఇంజను తన వేడిని తానే సంపాదించుకొనవలెను.

చల్లగా ఉండుట మంచిదే గదా అందురు. కాదు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోయించును. ఆయిల్‌లోని తేమ ఆవిరి కాదు. రింగులు, సిలిండర్లు త్వరగా అరుగును. బండి చల్లగానే ఉంటుంది, పెట్రోలు బంకులో మనకే ఒళ్ళు మండుతుంది.

తీసివేసిన వేడెక్కనే వేడెక్కదు అందురు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ రేడియేటర్ దారి తెరచుచు, దానిని తప్పించుకొని పోవు పక్కదారిని మూయును. పీకిన, పక్కదారి నిత్యము తెరచియే యుండును. తిరుమల ఘాట్ ఎక్కునప్పుడు వేడినీళ్ళలో కొంత రేడియేటర్ మొగము చూడకయే ఇంజనులోనికి తిరిగి వచ్చును.

మా పక్షము వారిలో కొందరు, థర్మోస్టాట్ లేనిచో నీరు మరీ వేగముగా పరుగెత్తి చల్లారదందురు. అదియు అపసిద్ధాంతమే. మనవాడన్నంత మాత్రాన ఒప్పుకోము.

మరి సూత్రమెట్లు పుట్టెను? మూసుకొని బిగిసిపోయిన థర్మోస్టాట్‌తో బండి నడిరోడ్డున ఉడికినప్పుడు, కొన్ని పాత బండ్లలో దానిని తీసి ఇల్లు చేరుట కలదు. అది ఆపద్ధర్మము. తెల్లవారి కొత్తది వేయించవలసినవారు మరచిరి. ఆపద్ధర్మము నిత్యధర్మమైనది. సూత్రకర్తను మేము నిందింపము; నిన్న రాత్రి చేసినదే రోజూ చేయువానిని నిందింతుము.

సిద్ధాంతము

మాన్యువల్‌లో ఎన్ని డిగ్రీలున్నవో అన్ని డిగ్రీలదే కొనవలెను. ‘ఒరిజినల్ సార్’ అన్న మాట డిగ్రీ కాదు. తక్కువ డిగ్రీది వేసిన ఇంకా చల్లగుననుట పై సూత్రమునకు తమ్ముడు. కొన్నదానిని గిన్నెడు నీళ్ళలో దారముతో వేలాడదీసి, వంటింటి థర్మామీటర్ పెట్టి కాచి చూడవచ్చును. జ్వరము చూచునది పనికిరాదు. బిగించునప్పుడు ఇంజను పూర్తిగా చల్లారి యుండవలెను. మైనపు గిన్నె ఇంజను వైపు, గాలి పోవు చిన్న రంధ్రముంటే అది పైకి. పాత గ్యాస్కెట్ మరల వేయరాదు. బోరునీళ్ళు పోయరాదు, గార గట్టును. నింపిన పిదప గాలి తీయవలెను. వాయులింగ క్షేత్రమగు శ్రీకాళహస్తిలో వాయువు పూజ్యమే గాని, కూలెంట్ గొట్టములో కాదు.

తాత్పర్యము

థర్మోస్టాట్ పాడైతే మార్చాలి; తీసేసి ఊరుకోకూడదు. మెకానిక్‌ను అడగవలసినవి రెండే: కొత్తది ఎన్ని డిగ్రీలది, పాతది ఎక్కడ? పాతది చేతిలో పడి, కొత్తది బిల్లులో కనబడేదాకా డబ్బు కట్టకండి.