పది మిల్లీగ్రాములే కదా!

జీడిమెట్లలోనో పరవాడలోనో ఏదో ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబులో పనిచేస్తున్నారా? విదేశం నుంచి కోడీన్ ఫాస్ఫేట్ అనే మత్తుమందు రెఫరెన్స్ స్టాండర్డ్ (పరీక్షల్లో పోల్చిచూసుకునే ప్రామాణిక నమూనా) తెప్పించే పని మీ నెత్తిన పడిందా? అయితే ఈ చిట్కాలు మీకోసమే. సగం నేను స్వయంగా పాటించి ఫలితం అనుభవించినవి. మిగతా సగం నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పాటించారు.

ముందుగా, పరిమాణం చూసి ధైర్యం తెచ్చుకోండి. మీకు కావాల్సింది 10 మిల్లీగ్రాములు. తుమ్మితే ఎగిరిపోయేంత పొడి. ఇంతదానికి పర్మిట్ కోసం గ్వాలియర్‌లో ఉన్న సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ దాకా ఎందుకండీ? గంజాయి కిలో లోపయితే ‘స్వల్ప పరిమాణం’ అని పేపర్లో చదివారు కదా, ఆ లెక్కన మనది లెక్కలోకే రాదు. ఆ పరిమాణాల పట్టిక పట్టుబడ్డవాడికి శిక్ష ఎంతో తేల్చడానికే తప్ప పర్మిట్ మాఫీ చేయడానికి కాదని ఎవరైనా గొణిగితే, వచ్చే మీటింగుకు అతన్ని పిలవకండి.

తర్వాత ఆర్డర్ పెట్టేయండి. డబ్బు కూడా పంపేయండి. ఇంపోర్ట్ సర్టిఫికెట్ సంగతి నిదానంగా చూసుకోవచ్చు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వేవాళ్లు నవ్వనీ. మన నార్కోటిక్స్ కమిషనర్ ఇచ్చిన సర్టిఫికెట్ చూశాకే అవతలి ప్రభుత్వం ఎగుమతి అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాతే సరుకు కదలాలి. ఇది 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం పెట్టిన వరస. మీ ఆర్డర్ ఆ ఒప్పందం కంటే అర్జెంటని ఈమెయిల్లో పెద్దక్షరాల్లో రాయండి. అమ్మేవాడు జవాబివ్వడు. రోజుకోసారి గుర్తుచేయండి.

దరఖాస్తులో మాటలు మాత్రం కేటలాగ్ చూసి దించండి. అమెరికా కేటలాగుల్లో ఇలాంటి వాటన్నిటికీ ‘కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్’ అని ముద్ర ఉంటుంది. మనమూ అదే రాస్తే సరి. మన 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్డీపీఎస్)లో ఆ మాటకు వేరే అర్థం ఉంది. అక్కడ కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ అంటే ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, ఎఫిడ్రిన్ లాంటివి, అంటే మత్తుమందుల తయారీకి పనికొచ్చే రసాయనాలు. కోడీన్ నార్కోటిక్ డ్రగ్. డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ సైకోట్రోపిక్ పదార్థాలు. ఆ రసాయనాలకైతే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్, కోడీన్‌కైతే ఇంపోర్ట్ సర్టిఫికెట్. కోడీన్‌కు ఎన్‌వోసీ ఇప్పించండంటూ రాసిన దరఖాస్తు ఒకటి ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది, కింద నా సంతకంతో.

(ఆల్ప్రజోలామ్ అంటే గుర్తొచ్చింది. తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో ఆ పేరు వింటూనే ఉంటాం. ఆ కలిపేవాళ్లు ఏ ఫారమూ నింపరు. మనం నింపి తప్పులు చేస్తాం.)

బరువు దగ్గర అస్సలు బుర్ర వాడకండి. సీసా మీద 10 అని ఉంటే ప్రతి గడిలోనూ 10 రాయండి. ఫాస్ఫేటు, అందులోని నీరు తీసేస్తే అసలు కోడీన్ ఏడున్నర మిల్లీగ్రాములు కూడా ఉండదు. ప్రభుత్వాల లెక్కలు నడిచేది ఆ అసలు బరువు మీదే. మనకెందుకా గొడవ? కుదిరితే పదింతలు అడగండి, మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు. ఏ దేశానికి ఏడాదికి ఎంత మత్తుమందు కావాలో ముందే అంచనా కట్టి వియన్నాలోని అంతర్జాతీయ నార్కోటిక్స్ నియంత్రణ మండలికి పంపాలి, దిగుమతులు ఆ అంచనా దాటకూడదు. అక్కడ మిల్లీగ్రాములు లెక్కపెడుతూ ఒకాయన కూర్చున్నాడు. ఆయనకు మీవల్ల కాస్త కాలక్షేపం.

చిరునామా విషయంలో ఉదారంగా ఉండండి. దరఖాస్తులో అమీర్‌పేట ఆఫీసు, ఇన్‌వాయిస్‌లో జీడిమెట్ల ల్యాబు, డ్రగ్ లైసెన్సులో పాత షెడ్డు. సులువుగా ఉంటుందని పోస్ట్‌బాక్స్ నంబరు కూడా ఇవ్వొచ్చు. మత్తుమందును పోస్ట్‌బాక్స్‌కు పంపకూడదని అదే 1961 ఒప్పందం ప్రత్యేకంగా రాసిపెట్టింది. అంటే మనకంటే ముందే ఎవరో ఈ చిట్కా పాటించారన్నమాట.

ఇవేవీ ఫలించకపోతే ఆఖరి అస్త్రం కొరియర్. ఇన్‌వాయిస్ మీద ‘ల్యాబ్ శాంపిల్, వాణిజ్య విలువ లేదు’ అని రాయించండి. శంషాబాద్ కార్గోలో పొట్లం విప్పి అడిగితే అమాయకంగా ముఖం పెట్టి, ‘నాకు తెలియదండీ, స్టోర్స్‌వాళ్లు ఆర్డర్ పెట్టారు’ అనండి. చిన్నప్పుడు జామకాయల దొంగతనంలో పనిచేసిన జవాబే. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. మామూలు క్రిమినల్ కేసులో మీరు తెలిసే చేశారని పోలీసులు రుజువు చేయాలి. ఎన్డీపీఎస్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం తెలిసే చేశారని కోర్టు ముందే అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవాల్సింది మీరు, అదీ సందేహానికి తావులేకుండా. సరిగ్గా ఆ సమయానికి స్టోర్స్ ఆయన సెలవులో ఉంటాడు.

దేవుడి దయవల్ల అన్నీ సక్రమంగా జరిగి సీసా చేరిందనుకోండి. పండగ చేసుకోండి. మూత తీసి ల్యాబులో అందరికీ చూపించండి, ఫొటో దిగండి. వచ్చిన పరిమాణం ఎంతో రాసి ఎగుమతి అనుమతి కాపీని మన ప్రభుత్వం వాళ్ల ప్రభుత్వానికి తిప్పి పంపాల్సి ఉంటుంది కాబట్టి, మీ దగ్గర ఉన్న కాగితాలన్నీ పాత క్యాలెండర్లు పెట్టే అలమరలో భద్రంగా దాచండి. వాడకం రిజిస్టరు రోజూ రాస్తూ కూర్చోకండి. ఆడిట్ ముందు రాత్రి మొత్తం రాసేయండి. అన్ని పేజీలకూ ఒకే పెన్ను వాడితే చూడముచ్చటగా ఉంటుంది.