ఫ్యూజు జేబులో ఉండాలి

మా అన్నయ్య కొడుకు నేవీలో ఎలక్ట్రికల్ ఆఫీసరు. మొన్న సెలవుకొస్తే, "రాడార్ మొరాయిస్తే ఏం చేస్తార్రా?" అని అడిగాను. "ఏ కార్డు పోయిందో అదే చెప్తుంది బాబాయ్, మార్చేస్తాం" అన్నాడు. అదే చెప్తుందట! మరి నువ్వెందుకురా ఓడలో?

మా రోజుల్లో యంత్రం నోరు విప్పేది కాదు. జామ్‌నగర్‌లో ఐఎన్‌ఎస్ వల్సురా అని 1942లో టార్పెడో స్కూలుగా పెట్టిన చోటుంది. మా ఎలక్ట్రికల్ శాఖవాళ్లందరికీ అదే బడి. అక్కడ చదువు ముగించి విశాఖ వచ్చేసరికి ఎదురుగా రష్యన్ ఓడలు, వాటి నిండా పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు. స్విచ్చి వేశాక అవి వేడెక్కేదాకా పడిగాపులే. రెసిస్టరు కమిలితే మీటరుకంటే ముందు ముక్కుకి తెలిసేది. ఉప్పుగాలి చెమ్మకి కేబుళ్లు పాడవుతాయి కదా, ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు పట్టుకుని ఓడంతా దేకేవాళ్లం. ఆ అవస్థ తెలియాలంటే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి చూడండి. 1969 నాటిది. జనం అక్కడ సెల్ఫీలు దిగుతారు, నేను కేబుళ్లు చూస్తాను.

జనరేటర్లు, గైరో కంపాస్, సోనార్, వైర్‌లెస్, ఆయుధాల కంట్రోలు అన్నీ మా నెత్తినే. బల్బు మాడినా మేమే, మిసైల్ కదలకపోయినా మేమే. పెళ్లిలో వంటవాడి బతుకు. అన్నీ కుదిరితే తలిచేవాడుండడు. పైగా ఓడకి కెప్టెనయ్యే యోగం మా శాఖకి లేదు. అదొక్కటీ ఇప్పటికీ మారలేదులెండి.

రెండు రాత్రుళ్లు నిద్ర మాని వెతికితే, చివరికి వదులైన ప్లగ్గు దొరికిన సందర్భం ఒకటుంది. అది మా అన్నయ్య కొడుక్కి చెప్పలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా అడిగాను: "మనిషి మాస్ట్ ఎక్కేముందు ఏం చేస్తావు?" రాడార్ ఆపి, ఫ్యూజు పీకి, వాడు దిగేదాకా జేబులో పెట్టుకోవడం మా పద్ధతి. పైన ఉన్నవాడి ప్రాణం మన జేబులో బరువుగా తెలిసేది. "తాళం వేసి, ట్యాగు కడతాం బాబాయ్" అన్నాడు. సరే, పరవాలేదు.

నిన్న ఇంట్లో ఫ్యాను బాగుచెయ్యడానికి కుర్రాడొచ్చాడు. అలవాటుగా బోర్డు దగ్గరికెళ్లాను. ఏముంది, అన్నీ ఎంసీబీలే. పీకడానికి ఫ్యూజేదీ? వాడు దిగేదాకా ఆ బోర్డుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.